రాత్రి ఎవరూ తినలేదు

చిన్నీ, బాబీ,

మొన్న సెలవుల్లో చిన్ని నా మీద వేసిన నింద ఇంకా అలాగే ఉండిపోయింది. రాత్రి పడుకోబోయే ముందు నా షుగర్ మిషన్ 118 చూపించింది. నోట్‌బుక్‌లో రాసింది కూడా చిన్నినే. తెల్లారి లేచి మళ్లీ వేలికి సూది గుచ్చి చూసుకుంటే 146! "తాతయ్యా, రాత్రి లేచి ఏం తిన్నావ్? నిజం చెప్పు" అంటూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. బాబీ అయితే వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూసొచ్చాడు.

నేనేమీ తినలేదర్రా. కానీ మీ అనుమానం పూర్తిగా తప్పు కూడా కాదు. రాత్రి నా రక్తంలోకి చక్కెర పోసిన మాట నిజం. పోసింది నా కాలేయం. కుడివైపు పక్కటెముకల కింద దాక్కుని ఉంటుంది.

మనం నిద్రపోయినా మెదడు నిద్రపోదు. దానికి ఎప్పుడూ గ్లూకోజ్ అందుతూ ఉండాలి. రోజుకు దాదాపు 120 గ్రాములు అదొక్కటే ఖర్చు చేస్తుంది. మరి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ఒంట్లో, పరగడుపున, మొత్తం రక్తంలో ఉండే గ్లూకోజ్ ఎంతో తెలుసా? సుమారు 5 గ్రాములు. ఒక్క చెంచాడు! ఆ చెంచాడుతో రాత్రంతా గడవదు కాబట్టి, తిన్నప్పుడు మిగిలినదాన్ని కాలేయం దాచిపెడుతుంది. చీకట్లో కొంచెం కొంచెంగా తీసి ఇస్తుంటుంది.

నా చిన్నప్పుడు ఈ పని మా ఇంట్లో నాయనమ్మ చేసేది. గింజలు దాచిన గది తాళం ఆవిడ బొడ్డులోనే ఉండేది. అందరికంటే ముందు, ఇంకా చీకటి ఉండగానే లేచి ఆ రోజుకి కావలసినవి కొలిచి చాటలో పోసేది. పక్కన నిలబడి, చాలినన్ని పడగానే "చాలు నాయనమ్మా!" అనడం నా పని. నాకెంత గర్వమో! పెద్దయ్యాక ఆవిడకి చెవుడొచ్చింది. ఒకసారి అంటే వినపడేది కాదు. రెండుసార్లు, మూడుసార్లు, చివరికి చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవాణ్ని. ఒకసారి జలుబు చేసి నా గొంతు పోయింది. నేను నోరు తెరుస్తున్నాను, ఆవిడ కొలుస్తోంది. చాట నిండి, గింజలు నేలమీద పడి, గడప దాకా పాకాయి. మా అమ్మ వచ్చి ఇద్దరినీ తిట్టింది. నాయనమ్మకి ఆ తిట్లూ వినపడలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ "చాలు" అనే పిల్లాడే ఇన్సులిన్. పొట్ట వెనక పాంక్రియాస్ అని ఒక గ్రంథి ఉంటుంది. అందులో అక్కడక్కడా చిన్న చిన్న కణాల గుంపులు ఉంటాయి. ఇన్సులిన్ పుట్టేది వాటిలోనే. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే కుర్రాడు, ఇంకా చదువుకుంటుండగానే, మైక్రోస్కోపులో వాటిని మొదట గుర్తించాడు. అవేం చేస్తాయో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరిగి "లేచే వేళయింది, ఇంకాస్త పొయ్యి" అని కాలేయాన్ని తొందరపెడతాయి. మీ ఒంట్లోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే మీ పిల్లాడి గొంతు గట్టిది, మీ నాయనమ్మ చెవులు మంచివి. నా కాలేయానికి చెవుడు, నా పిల్లాడికి అరిచి అరిచి గొంతు బొంగురు. అదీ 146 కథ.

ఈ చెవుడు ఎందుకొస్తుందంటారా? కొంత వంశంలో వస్తుంది. కొంత మనం తెచ్చుకుంటాం. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోవడం, కదలకుండా కూర్చోవడం, నిద్ర చాలకపోవడం. నేను ముప్పై ఏళ్లు కుర్చీకి అతుక్కుపోయి పనిచేసి, అదే గొప్ప అనుకున్నాను. మీరు ఫోను పట్టుకుని కూర్చుంటే నేను సణిగేది అందుకే. తిట్టుకోండి, పర్లేదు.

అయితే ఒకటి. మీ క్లాసులో ఎవరికైనా షుగర్ ఉంటే "తీపి ఎక్కువ తిన్నావా?" అని అడగొద్దు. పిల్లల్లో చాలామందికి వచ్చేది వేరే రకం. ఒంటిని కాపాడాల్సిన సైన్యమే పొరపాటున ఇన్సులిన్ కణాలను చంపేస్తుంది. పిల్లాడే లేడు, ఇక "చాలు" అనేదెవరు? అందుకని ఇన్సులిన్ బయటి నుంచి ఇవ్వాలి. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఆ సూది వేశారు. అంతకుముందు అలాంటి పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. అతను ఆ తర్వాత 13 ఏళ్లు బతికాడు.

మందు వేసుకునేవాళ్లకి ఇంకో చిక్కుంది. ఒక్కోసారి "చాలు" అన్న కేక మరీ గట్టిగా వినపడి, నాయనమ్మ గదికి తాళం వేసేస్తుంది. అప్పుడు షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. నాకు చెమటలు పట్టి, చేతులు వణికి, అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడితే నవ్వకండి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్లీ మిషన్ పెట్టండి. తెలివి తప్పి ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే పెద్దవాళ్లని పిలిచి అంబులెన్స్‌కి ఫోన్ చేయించండి. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి.

కండరాల సంగతి చెప్పాలంటే నా నాయనమ్మ కథ పనికిరావడం లేదు. కదులుతున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం కూర్చోదు. తనకి కావలసిన గ్లూకోజ్ తానే లాక్కుంటుంది. ఎలాగో రాయబోయి రెండు కాగితాలు చింపేశాను. ఎందుకు లెండి, చూపిస్తాను.

ఈ శనివారం వస్తారుగా. భోజనమయ్యాక ఒక గంట ఆగి బాబీ నా వేలికి సూది గుచ్చుతాడు. ఇరవై నిమిషాలు ముగ్గురం నడుద్దాం, నా కంటే ముందు పరిగెత్తకుండా. రాగానే చిన్ని రెండోసారి గుచ్చుతుంది. నోట్‌బుక్‌లో రెండు గళ్లు ఖాళీగా ఉంచాను. పెన్సిల్ మీరే తెచ్చుకోండి, మొన్నటిది బాబీ ఎక్కడో పారేశాడు.

మీ తాతయ్య