యూనివర్సిటీ కింద శ్మశానం: థెస్సలొనీకిలో అసలేం జరిగింది

గ్రీసులో ఏథెన్స్ తర్వాత పెద్ద నగరం థెస్సలొనీకి. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు ఇది థెస్సలొనీక, పౌలు రెండు పత్రికలు రాసింది ఈ ఊరివాళ్లకే. ఇప్పుడక్కడ ఊరి నడిమధ్య అరిస్టాటిల్ యూనివర్సిటీ ఉంది, గ్రీసులోనే అతిపెద్ద యూనివర్సిటీల్లో ఒకటి. ఆ క్యాంపస్‌లో చాలా భాగం కింద 1942 దాకా యూదుల శ్మశానం ఉండేది. చిన్నదేం కాదు, దాదాపు 3,50,000 చదరపు మీటర్లు, మన లెక్కలో చెప్పాలంటే 86 ఎకరాల పైమాట. అందులో ఎన్ని సమాధులున్నాయో కచ్చితమైన లెక్క ఎవరి దగ్గరా లేదు, 3 లక్షల నుంచి 5 లక్షల దాకా అని అంచనా. యూరప్‌లోని పెద్ద యూదు శ్మశానాల్లో ఇదొకటి.

అదేమైందని అడిగితే సాధారణంగా ఒక్క ముక్కలో తేల్చేస్తారు: నాజీలు వచ్చారు, ధ్వంసం చేశారు. అది అబద్ధం కాదు గానీ అందులో సగమే ఉంది. ఆ భూమి మీద ఊరి కన్ను జర్మన్లు రాకముందే పడింది. వాళ్లు అడుగుపెట్టేసరికి కావలసిన ప్లానులు, చట్టం, కాగితాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ మిగతా సగం తెలియకపోతే ఈ గొడవ ఇన్నేళ్లు ఎందుకు నలిగిందో అర్థం కాదు.

మొదట్నుంచీ చూద్దాం. ఈ ఊళ్లో యూదులు కొత్తవాళ్లు కాదు. పౌలు ఇక్కడికి వచ్చి మూడు విశ్రాంతిదినాలు వాళ్ల సమాజమందిరంలోనే వాదించాడని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఉంది. కానీ ఊరి స్వరూపం మారింది 1492 తర్వాతే. ఆ ఏడు స్పెయిన్ రాజదంపతులు, మతం మారతారా, దేశం విడిచిపోతారా అని యూదులను తరిమేశారు. అప్పటికి ఈ ఊరు ఒట్టోమన్ తురుష్కుల చేతిలో ఉంది, వాళ్లు రానిచ్చారు. వేలాదిమంది వచ్చి స్థిరపడ్డారు. కట్టుబట్టలతో వచ్చినా భాష మాత్రం వెంట తెచ్చుకున్నారు. పాత స్పానిష్ మీద హీబ్రూ, టర్కిష్ మాటలు కలిసిన లదీనో అది, తర్వాత నాలుగున్నర శతాబ్దాలు ఈ ఊరి వీధుల్లో వినిపించింది. రేవులో హమాలీల దగ్గర్నుంచి బ్యాంకు యజమానుల దాకా అన్ని పనుల్లోనూ యూదులే. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం కాబట్టి ఓడరేవే మూతపడేది. 1913లో గ్రీకు ప్రభుత్వం తీసిన జనాభా లెక్కల్లో మొత్తం 1,57,889 మందిలో యూదులు 61,439 మంది. ముస్లింలకంటే, గ్రీకులకంటే కూడా వాళ్లే ఎక్కువ.

శ్మశానం ఊరి తూర్పు గోడకు బయట ఉండేది. 86 ఎకరాలు ఎందుకు పట్టిందంటే, యూదుల ఆచారంలో ఒకసారి పాతిపెట్టిన మనిషిని మళ్లీ కదపరు, ఆ చోట ఇంకొకరిని పెట్టరు. హీబ్రూలో శ్మశానాన్ని 'జీవుల ఇల్లు' అంటారు, అది చచ్చినవాళ్ల శాశ్వత చిరునామా. శతాబ్దాల తరబడి ఒక పెద్ద జనాభా అలా పాతుకుంటూ పోతే స్థలం పెరగక ఏం చేస్తుంది? పక్కనే ఉన్న గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవుల పద్ధతి దీనికి పూర్తిగా వేరు. పట్టణాల్లో వాళ్లు సమాధిని కొన్నేళ్లకే, మామూలుగా మూడేళ్లకు, తెరిచి ఎముకలు తీసి కడిగి పెట్టెలో భద్రపరుస్తారు, ఆ గుంత ఇంకొకరికి ఇస్తారు. అందుకే శ్మశానాన్ని ఇంకో చోటికి మార్చడమనే మాట ఒకరికి ఆఫీసు పనిలా, ఇంకొకరికి ఘోరమైన అపచారంలా వినిపించింది. ఈ తేడాను పట్టించుకోకుండా రాసిన కథనాలు చాలా ఉన్నాయి, నాకైతే అసలు గొడవకు వేరు ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆ సమాధుల మీద పరిచిన రాళ్లన్నీ కొత్తవి కావు. రోమన్ల కాలం నాటి పాలరాతి పలకలు ఊరి చుట్టూ దొరికేవి, వాటినే తెచ్చి చెక్కించుకున్నారు. ఒకే పలక మీద ఒకవైపు ఎప్పటిదో గ్రీకు శాసనం, ఇంకోవైపు హీబ్రూలో పేరు, తండ్రి పేరు, చనిపోయిన తేదీ. మంచి పాలరాయి ఎప్పుడైనా డబ్బే. తర్వాత జరిగిన దానికి ఇదీ ఒక కారణం.

19వ శతాబ్దం చివర్లో పాత కోటగోడల్లో కొంత భాగం పడగొట్టారు. దాంతో ఊరు తూర్పుకు పాకి, ఒకప్పుడు ఊరి బయట ఉన్న శ్మశానం ఊరి మధ్యకు వచ్చేసింది. 1888 ప్రాంతంలో తురుష్కులు అక్కడే ఇదాదియే అనే స్కూలు భవనం కట్టారు. 1912లో ఊరు గ్రీకు సైన్యం చేతికొచ్చింది. 1917 ఆగస్టులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరి నడిబొడ్డు బూడిదైంది, 70 వేలమందికి పైగా నిలువనీడ లేకుండా పోయారు, వాళ్లలో ఎక్కువమంది యూదులే. ఊరి పోషక సాధువు సెయింట్ దెమెత్రియోస్ చర్చి కూడా కాలిపోయింది (ఈ చర్చిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది). కొత్త ఊరికి ప్లాను గీసే పని ఫ్రెంచి ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ ఎబ్రార్‌కు అప్పగించారు. ఆ ప్లానులో తూర్పువైపు యూనివర్సిటీకి, పచ్చదనానికి చోటు చూపించారు. అంటే శ్మశానం ఉన్న వైపే.

ఆ తర్వాత 1923లో గ్రీసు, టర్కీల మధ్య జనాభా మార్పిడి. ఊళ్లోని ముస్లింలు వెళ్లిపోయారు, ఆసియా మైనరు నుంచి దాదాపు లక్షమంది గ్రీకు శరణార్థులు వచ్చిపడ్డారు. చూస్తుండగానే యూదులు మైనారిటీ అయిపోయారు. 1924లో ఆదివారం సెలవు తప్పనిసరి అని చట్టం వచ్చింది, శనివారం మూతపడే రేవు కథ అక్కడితో సరి. ఇళ్లు లేని జనం, పెరుగుతున్న ఊరు, మధ్యలో ఇంత ఖాళీ స్థలం (వాళ్ల దృష్టిలో అది ఖాళీయే) చూస్తే పత్రికలకు, మునిసిపాలిటీకి, వ్యాపారులకు ఏమనిపించి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మన నగరాల్లో శ్మశానాల సరిహద్దులు ఎలా కుంచించుకుపోతాయో చూసినవాళ్లకు ఇందులో వింతేం కనపడదు.

1925లో యూనివర్సిటీకి చట్టం చేశారు, మరుసటేడు క్లాసులు మొదలయ్యాయి, కొద్దికాలానికే అది ఆ పాత ఇదాదియే భవనంలోకి మారింది. అప్పట్నుంచి శ్మశానం యూనివర్సిటీకి పక్కింటి స్థలమైంది. యూదు సంఘం ఊరికే కూర్చోలేదు, అర్జీలు పెట్టింది, మంత్రులను కలిసింది. ఇది ఎన్నాళ్లో నిలవదని గ్రహించిన పండితులు కొందరు శాసనాలు నకలు రాసుకోవడం మొదలుపెట్టారు. ఐజాక్ ఇమ్మాన్యుయేల్, మైకేల్ మోల్హో లాంటివాళ్లు అలా రాసుకున్న కాగితాలే ఈ రోజు వేలాది పేర్లకు మిగిలిన ఆధారం. చివరికి 1937లో, గ్రీసు నియంత మెతాక్సాస్ పాలనలో, రాజీ కుదిరి చట్టమైంది. శ్మశానంలో ఒక ముక్క యూనివర్సిటీకి, మిగతాది చెట్లు నాటి పార్కులా ఉంచాలి. సంఘం పళ్లబిగువున ఒప్పుకుంది.

1941 ఏప్రిల్ 9న జర్మన్లు వచ్చారు. 1942 జులై 11న, అది శనివారం, 18 నుంచి 45 ఏళ్ల యూదు మగవాళ్లందర్నీ ఊళ్లోని స్వాతంత్ర్య చౌకులో హాజరు కమ్మన్నారు. దాదాపు 9 వేలమందిని ఎండలో గంటలకొద్దీ నిలబెట్టి, కొట్టి, గుంజీలు తీయించి, పేర్లు రాసుకుని రోడ్ల పనులకు పంపారు. వెట్టిచాకిరీలో మనుషులు రాలిపోతుంటే సంఘం పెద్దలు జర్మన్ సైనిక పాలనలో పౌర వ్యవహారాలు చూసే మాక్స్ మెర్టెన్ దగ్గరకు బేరానికి వెళ్లారు. పేరుకు లాయరు. మనుషులను వదలాలంటే వందల కోట్ల డ్రాక్మాలు కట్టమన్నాడు. అంత ఇచ్చుకోలేమంటే బేరంలోకి శ్మశానం వచ్చింది. బతికున్న కొడుకుల కోసం చచ్చిపోయిన తాతలను వదులుకోవాల్సి వచ్చింది. డబ్బు కూడా దాదాపు 200 కోట్ల డ్రాక్మాలు గుంజాడు.

శ్మశానం తీసేయాలన్న ఆదేశం గ్రీకు ప్రభుత్వ ప్రతినిధి, మాసిడోనియా గవర్నర్ జనరల్ సిమోనిదిస్ పేరు మీద వచ్చింది. ఊరి బయట రెండు స్థలాలు చూపించి సమాధులు అక్కడికి మార్చుకోండన్నారు. లక్షల సమాధులను ఏ గడువులో మార్చగలరు? 1942 డిసెంబరు 6న మునిసిపాలిటీ పెట్టిన 500 మంది కూలీలు గునపాలతో దిగారు. ఈ మధ్యే పోయినవాళ్ల కుటుంబాలు పరుగెత్తుకొచ్చి దొరికిన ఎముకలు మూటగట్టుకున్నాయి. బంగారు పళ్ల కోసం గుంతలు గెలికినవాళ్లూ ఉన్నారు. కొద్ది వారాల్లో ఆ చోటు రాళ్లూ ఎముకలూ కలిసిన మట్టిదిబ్బలుగా మిగిలింది.

రాళ్లు ఎక్కడికి పోయాయి? ఊళ్లోకే పోయాయి. రోడ్డు పక్క బాటలకు, పెరళ్లకు, స్కూలు ఆవరణలకు. జర్మన్లు వాటితో ఒక ఈతకొలను కట్టుకున్నారు. రాయల్ థియేటర్ దగ్గర పరిచారు. కాలిపోయిన సెయింట్ దెమెత్రియోస్ చర్చిని మళ్లీ కట్టేటప్పుడు అక్కడా వాడారు. రాతలున్న వైపు కిందకు పెడితే ఎవరికీ కనపడదు.

1943 మార్చి 15న యూదులను ఎక్కించుకున్న మొదటి రైలు పోలండ్‌లోని నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్‌కు బయల్దేరింది. ఆగస్టుకల్లా 46 వేల పైచిలుకు మందిని పంపేశారు. తిరిగొచ్చినవాళ్లు 2 వేలు కూడా లేరు. వాళ్లు వచ్చి చూసేసరికి శ్మశానంలో ఇంకా రాళ్లు ఏరుకుంటూనే ఉన్నారు. యుద్ధం అయిపోయింది, జర్మన్లు వెళ్లిపోయారు, గ్రీకు ప్రభుత్వమే పాలిస్తోంది, అయినా పాలరాయి తరలిపోవడం ఆగలేదు. తర్వాతి దశాబ్దాల్లో యూనివర్సిటీ ఒక్కో భవనం లేపుకుంటూ పోయింది. తప్పంతా నాజీలదే అనేవాళ్లు ఈ యుద్ధం తర్వాతి సంవత్సరాల గురించి ఏం చెబుతారో నాకు తెలుసుకోవాలనుంది.

మెర్టెన్ సంగతి మరీ విడ్డూరం. 1957లో సాక్ష్యం చెప్పడానికి తనంతట తనే ఏథెన్స్‌కు వచ్చి అరెస్టయ్యాడు. 1959లో 25 ఏళ్ల శిక్ష పడింది, ఆ ఏడే జర్మనీకి పంపేశారు, అక్కడ దర్జాగా బయటే బతికాడు. పశ్చిమ జర్మనీతో గ్రీసుకు ఆర్థిక సంబంధాలు అవసరమైన రోజులవి.

యూనివర్సిటీ ఆవరణలో ఆ శ్మశానానికి స్మారకం వెలిసింది 2014 నవంబరులో, అంటే కూల్చిన 72 ఏళ్లకు. ఆ రోజుల్లో మేయరు యానిస్ బుతారిస్, తన కౌన్సిల్‌లోకి నియోనాజీ పార్టీ గోల్డెన్ డాన్ సభ్యుడు ఎన్నికైనందుకు నిరసనగా, నాజీలు యూదులకు గుర్తుగా బలవంతంగా పెట్టించిన పసుపు నక్షత్రాన్ని కోటుకు తగిలించుకుని ప్రమాణం చేసిన మనిషి. ఊళ్లో దీని గురించి బహిరంగంగా మాట్లాడే వాతావరణం రావడంలో ఆయన పాత్ర ఉంది. అలాగని అందరి మనసూ మారిందనుకోవద్దు, 2019లో ఆ స్మారకాన్నే ఎవరో పగలగొట్టారు.

రాళ్లు మాత్రం ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. 2012 డిసెంబరులో పోలీసులకు ఒక స్థలంలో పూడ్చిపెట్టిన 668 సమాధి రాళ్ల ముక్కలు ఒక్కచోటే దొరికాయి. దొరికిన రాళ్లలో కొన్ని ఊళ్లోని యూదు మ్యూజియంలో, మరికొన్ని స్తావ్రూపోలి అనే శివారులో ఉన్న కొత్త శ్మశానంలో ఉన్నాయి. ఏ రాయి ఎవరిదో చెప్పాలంటే అప్పట్లో రాసుకున్న ఆ నకళ్లతో పోల్చి చూడాల్సిందే. నకలు తీయనివాటికి ఆ అవకాశం కూడా లేదు.