షుగర్, కిడ్నీ, వంశం: కొన్ని అపోహలు, వాస్తవాలు

"మా నాన్నగారు డయాలసిస్ మీదే పోయారు, నాకూ అదే రాసిపెట్టి ఉంది కదండీ" అని షుగర్ ఉన్నవారు నన్ను అడుగుతూనే ఉంటారు. ఆ భయం నిరాధారం కాదు. టైప్ 1 షుగర్ ఉన్న తోబుట్టువులపై 1989లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, కిడ్నీ జబ్బు ఉన్నవారి తోబుట్టువులలో 83 శాతం మందికి, లేనివారి తోబుట్టువులలో 17 శాతం మందికి ఆ జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. అయితే దీన్ని తెచ్చిపెట్టే జన్యువు ఏదో ఒక్కటి కాదు. ఎన్నో జన్యువులు తలా కొంత ప్రభావం చూపుతాయి, వాటికి అదుపులేని షుగరూ బీపీ తోడవుతాయి.

వంశాన్ని మార్చలేము కానీ, హార్మోన్‌ను అడ్డుకోగలము. యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ కిడ్నీ వడపోత గుత్తి నుంచి రక్తం బయటికి వెళ్లే నాళాన్ని బిగించి, లోపల ఒత్తిడి పెంచి, ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ మూత్రంలోకి కారేలా చేస్తుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు అడ్డుకునేది దీన్నే. ఆ మాత్రలే కిడ్నీలను పాడుచేస్తాయన్న పుకారు ఎంతమందిని డయాలసిస్‌కు చేరువ చేస్తోందో చూస్తుంటే బాధ, కోపం రెండూ కలుగుతాయి. మాత్ర మొదలుపెట్టాక లోపలి ఒత్తిడి తగ్గడం వల్ల క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన, రక్తంలోని వ్యర్థం) కాస్త పెరగవచ్చు. 30 శాతం లోపు పెరుగుదలను చూసి మాత్ర ఆపనక్కరలేదు. ఒక రైతుకు 1.4 ఉన్నది 1.6 అయిందని, వాట్సాప్ సందేశం చదివిన అల్లుడు మాత్ర మాన్పించాడు. ఆయన మళ్లీ వచ్చేసరికి పాదాలు వేలితో నొక్కితే గుంట పడేంతగా వాచాయి, మూత్రంలో నురుగు, క్రియాటినిన్ 3 దాటింది. లోసార్టాన్ వాడినవారిలో కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యే ముప్పు 28 శాతం తగ్గిందని 2001లోనే రుజువైంది. పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు మాత్రం తప్పనిసరి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు తాత్కాలికంగా ఆపాలా అన్నది వెంటనే డాక్టరును అడగాలి. గర్భిణులు ఈ మాత్రలు వాడకూడదు.

ఇన్సులిన్ కిడ్నీలను పాడుచేస్తుందన్నది పచ్చి అబద్ధం. కిడ్నీలు బలహీనపడితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, డోసు తగ్గించాల్సి వస్తుంది. దాన్ని షుగర్ నయమైందని పొరబడితే ప్రమాదం.

ఇంట్లో ఒకరికి షుగర్ వల్ల కిడ్నీ జబ్బు వచ్చి ఉంటే, షుగర్ ఉన్న తోబుట్టువులు, పిల్లలు ఏటా క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష కూడా చేయించుకోవాలి. ఆ నిష్పత్తి 30 mg/g దాటితే, క్రియాటినిన్ మామూలుగా ఉన్నా సరే, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.