బియ్యం డబ్బాలో ఫోన్

"దాచిపెట్టినా ఎతికి తీసుకుంటాడు సార్, బియ్యం డబ్బాలో పెట్టినా కనుక్కున్యాడు" అని కడపలో మా తొమ్మిదో తరగతి పిల్లవాడి తల్లి చెప్పింది. రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తాడని అడిగాను. అది తప్పు ప్రశ్న అని తర్వాత తెలిసింది.

ఇలాంటి ఇంటర్నెట్ వ్యసనాన్ని కొలవడం జూదం నుంచి మొదలైంది. 1996లో అమెరికా సైకాలజిస్ట్ కింబర్లీ యంగ్ జూద వ్యసనానికి వాడే ప్రమాణాలనే మార్చి 8 ప్రశ్నలు తయారుచేశారు. ఐదింటికి అవునంటే వ్యసనమే. 1998కి అది 20 ప్రశ్నల పరీక్ష అయింది. మన కాలేజీల సర్వేల్లోనూ అది తరచూ కనిపిస్తుంది. అయితే అందులో ఒక ప్రశ్న, వేరే పని ఉండగా ముందు ఈమెయిల్ చూసుకుంటారా అని. ఇంకోటి జీవిత భాగస్వామితో సాన్నిహిత్యం గురించి! బల్ల మీది కంప్యూటర్ ముందు కూర్చునే పెద్దవాళ్ల కోసం రాసినవి అవి. రీల్స్ చూసే పద్నాలుగేళ్ల పిల్లవాడికి యథాతథంగా ఇస్తే వచ్చే మార్కులను నేను నమ్మను.

తర్వాతి వాళ్లు కారణం వైపు తిరిగారు. అమెరికా పరిశోధకుడు స్కాట్ కాప్లాన్ 2002లో తయారుచేసి 2010లో సవరించిన కొలమానం, ఎదురుగా మాట్లాడటం కన్నా ఆన్‌లైన్‌లోనే తేలిగ్గా ఉందా, దిగులు మరిచిపోవడానికే నెట్ తెరుస్తున్నావా అని కూడా అడుగుతుంది. నాకు ఇదే అసలు మలుపు అనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో గేమింగ్ వ్యసనం ఉంది. అక్కడా గంటల లెక్క లేదు. అదుపు తప్పడం, మిగతా పనులన్నిటి కన్నా ఆటే ముఖ్యమవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవే గుర్తులు.

మన దగ్గర ఒకప్పుడు నెట్ సెంటర్లో గంటకింత కట్టాలి, జేబే అదుపు చేసేది. 2016లో జియోతో డేటా చవకైంది. 2020 లాక్‌డౌన్‌లో బడే ఫోన్‌లోకి వచ్చింది. క్లాసు, ఆట, కువైట్‌లో ఉన్న నాన్న ముఖం, అన్నీ ఒకే తెర మీద. గంటలు ఎలా విడదీస్తాం?

బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి వాళ్ల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అంత దూరం పోలేని వాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ తల్లికి నంబరు రాసిచ్చి, ఈసారి ఇంకోలా అడిగాను: "ఎప్పట్నుంచి ఇట్లా ఉన్నాడమ్మా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాళ్ల నాయన పోయిన కాడ్నుంచే సార్, కువైట్‌కు."