సిటీ బస్సు బాకీ: బల్దియా పద్దులో రాసిందెవరు, తుడిచిందెవరు

కోఠిలో 127కే ఎక్కిన ఒక పెద్దాయన నాంపల్లికని పది రూపాయల నోటు చాపాడు. ఇంకో ఐదు ఇవ్వమంది కండక్టరమ్మ. ఆయన జేబులన్నీ తడిమి, "మొన్నటిదాకా పదే కదమ్మా" అన్నాడు. పక్క సీట్లో కూర్చున్న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొడుతూనే, "అక్టోబర్ ఆరు నుంచి పదిహేను, ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి" అని ముందుకు సాగిపోయిందామె. బస్సు అబిడ్స్ దాటేదాకా ఆయన సణుగుతూనే ఉన్నాడు, ప్రభుత్వాన్ని కొంత, బస్సును కొంత.

2025 అక్టోబర్ 6 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. జూన్‌లోనే పాస్‌ల రేట్లు పెరిగాయి, ఆర్డినరీ పాస్ 1,150 నుంచి 1,400కు పోయింది. చలో బస్ భవన్ (ఆర్టీసీ ప్రధాన కార్యాలయం) అంటూ ప్రతిపక్షం రోడ్డెక్కింది. ఆ గొడవ చల్లారకముందే చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను బల్దియాలో, అంటే హైదరాబాద్ నగర కార్పొరేషన్ జీహెచ్ఎంసీలో కలిపేసి, డివిజన్లను 150 నుంచి 300 చేశారు. దాంతో పాత ప్రశ్న మళ్లీ పైకి తేలింది: ఇంత పెద్ద నగరానికి ఇన్ని వేల కోట్ల బడ్జెట్ ఉండగా, ఆ నగరంలో తిరిగే బస్సుకు బల్దియా ఎందుకు ఒక్క రూపాయి పెట్టదు?

దీనికి సమాధానం చెప్పమంటే చాలామంది నిజాం కాలం దగ్గర మొదలుపెడతారు. 1932, 27 బస్సులు, నంబర్ ప్లేటు మీద జెడ్ అక్షరం ఎందుకొచ్చిందన్న కథ. అవన్నీ మీకు తెలిసినవే, వదిలేద్దాం. మనకు కావాల్సింది 2015 మే నెల.

ఆ నెల 6న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. అడిగింది 43 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతాల సవరణలో పెంపు. వారం తిరిగేసరికి ముఖ్యమంత్రి కేసీఆర్ 44 శాతం ఇస్తామన్నారు, అడిగినదానికంటే ఒక శాతం ఎక్కువే. కార్మికులు స్వీట్లు పంచుకున్నారు. సరే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది తర్వాతి ప్రశ్న. హైదరాబాద్ సిటీ బస్సుల మీద వచ్చే నష్టాన్ని జీహెచ్ఎంసీ భరిస్తుందన్న ఏర్పాటు అప్పుడే ముందుకొచ్చింది. ముంబైలో బెస్ట్ బస్సులను అక్కడి కార్పొరేషనే చూసుకుంటోంది కదా, ఇక్కడెందుకు కాదన్నది వాదన. నిజం చెప్పాలంటే వినడానికి చాలా సబబుగా ఉన్న మాటే. ట్రాఫిక్‌లో ఇరుక్కుని, తక్కువ ధర పాస్‌లు మోస్తూ నడిచే సిటీ బస్సు నష్టాన్ని ఆదిలాబాద్, ఖమ్మం బస్సుల ఆదాయంతో పూడ్చడం ఎంతవరకు న్యాయం?

అయితే ఆ నెలలో బల్దియాలో ఎవరున్నారో ఒక్కసారి చూడండి. 2014 డిసెంబర్ 3తో పాత పాలకమండలి గడువు తీరిపోయింది. మేయర్ లేడు, కార్పొరేటర్లు లేరు, స్టాండింగ్ కమిటీ లేదు. కమిషనరే ప్రత్యేకాధికారి. అంటే కింది నుంచి ఫైలు పంపేదీ, పై నుంచి సంతకం పెట్టేదీ ఒకే కుర్చీ, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో చెప్పేది సచివాలయం. నగరం బస్సుల నష్టం మోయాలన్న ఇంత పెద్ద నిర్ణయం మీద నగరం ఎన్నుకున్న ఒక్క మనిషి కూడా చేయి ఎత్తలేదు, దించలేదు. నా దృష్టిలో ఈ కథ మొత్తం ఇక్కడే ఉంది. మిగతాదంతా దీని పర్యవసానం.

మొదట్లో డబ్బు కదిలింది. 2014-15, 2015-16 నష్టాల కింద కలిపి బల్దియా ఆర్టీసీకి 336 కోట్లు కట్టింది. అప్పట్లో బల్దియా ఖజానా నిండుగా ఉండేది, ఆస్తిపన్ను బాగా వసూలయ్యేది, బ్యాంకుల్లో డిపాజిట్లు ఉండేవి. పనిలో పనిగా ఎన్నికలు దగ్గర పడుతుంటే ఏడాదికి 1,200 రూపాయల లోపు ఆస్తిపన్ను ఉన్న ఇళ్లకు 101 రూపాయలు కడితే చాలన్నారు. పేదలకు మంచిదే, కాదనను. కానీ ఒక చేత్తో బస్సుల బరువు నెత్తినపెట్టి, ఇంకో చేత్తో పన్ను తగ్గించడం అనేది ఆ ఖజానా మీద ఎవరికి అధికారం ఉందో చెప్పకనే చెప్పింది.

2016 ఫిబ్రవరిలో ఎన్నికలయ్యాయి. 150 డివిజన్లలో 99 అధికార పార్టీకే వచ్చాయి, బొంతు రామ్మోహన్ మేయరయ్యారు. రాష్ట్రంలో, బల్దియాలో, ఆర్టీసీ మీద ఒకే పార్టీ పెత్తనం. బస్సుకు ఇంతకంటే మంచి రోజులు ఉంటాయా అనుకుంటాం కదా. సరిగ్గా అప్పటి నుంచే బస్సుల పేరు మీద బల్దియా డబ్బు ఆగిపోయింది. 2016-17 నష్టాలకు రూపాయి లేదు, ఆ తర్వాతా లేదు.

డబ్బు లేకనా? ఆ మాట బల్దియా వాళ్లు అంటారు, అందులో కొంత నిజం ఉంది కూడా. డిపాజిట్లు కరిగాయి, జీతాలకే కటకట అన్న వార్తలు మొదలయ్యాయి. కానీ అదే రోజుల్లో ఎస్‌ఆర్‌డీపీ అనే రోడ్ల అభివృద్ధి పథకం పేరుతో ఫ్లైఓవర్లు లేచాయి. వాటికోసం 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల బాండ్లు జారీ చేశారు, వడ్డీ 8.9 శాతం. అదే ఏడాది ఆగస్టులో ఇంకో 195 కోట్లు. 2019లో మూడోసారి 100 కోట్లు తెచ్చేసరికి వడ్డీ 10 శాతం దాటింది. దీనికి తోడు స్టేట్ బ్యాంకు రుణం. అప్పు తెచ్చి మరీ కార్లకు పైన దారి వేసిన సంస్థ, కింద బస్సుకు మాత్రం చేతులెత్తేసింది. ఫ్లైఓవర్ ఎక్కే కారు సిగ్నల్ తప్పించుకుంటుంది, స్టాపులు కింద ఉన్న బస్సు ఆ ఫ్లైఓవర్ స్తంభాల మధ్యే పాక్కుంటూ పోవాలి, బస్సు ఎక్కేవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు.

బస్సుతో బల్దియాకు అసలు సంబంధమే లేదా అంటే, ఉంది. బస్ షెల్టర్ బల్దియాది. దాని మీద పెట్టే ప్రకటనల హక్కులు ఏజెన్సీలకు ఇచ్చేది బల్దియానే. 2018లో ఖైరతాబాద్‌లో ఏసీ బస్ షెల్టర్ అని ఆర్భాటంగా తెరిచారు గుర్తుందా? షెల్టర్‌కు ఏసీ పెట్టగలిగిన నగరం, ఆ షెల్టర్ ముందు ఆగాల్సిన బస్సు గురించి మాత్రం అది మా శాఖ కాదంటుంది. బస్సు, రైలు, రోడ్డు అన్నింటినీ కలిపి చూడటానికి 2008లో ఉమ్టా అని ఒక ఉమ్మడి రవాణా సంస్థను పెట్టారు కూడా. దాని గురించి చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు.

ఇక 2019. అక్టోబర్ 5న మొదలైన సమ్మె 52 రోజులు సాగింది, దాదాపు 48 వేల మంది కార్మికులు. ఆ సమ్మె గురించి, పోయిన ప్రాణాల గురించి చాలా రాశారు, ఇక్కడ చెప్పబోయేది హైకోర్టులో బయటపడ్డ ఒక్క పద్దు గురించే. ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎస్. చౌహాన్ ధర్మాసనం ముందు విచారణలో, ఆర్టీసీకి రావాల్సిన బకాయిల లెక్కలు తీయమన్నారు. అందులో బల్దియా పేరు మీద దాదాపు 1,500 కోట్లు కనిపించాయి. ఆర్టీసీ తన కాగితాల్లో ఏళ్ల తరబడి రావాల్సిన డబ్బుగా రాసుకుంటూ వచ్చిన మొత్తం అది.

బల్దియా కమిషనర్ లోకేశ్ కుమార్ అఫిడవిట్ వేశారు. సారాంశం ఏమిటంటే, చట్టప్రకారం ఈ డబ్బు కట్టి తీరాల్సిన బాధ్యత మాకు లేదు, నిధులు మిగిలితే ఇవ్వొచ్చు, మిగిలినప్పుడు 336 కోట్లు ఇచ్చాం, ఇప్పుడు మిగలడం లేదు. రాష్ట్ర ఆర్థిక శాఖ కూడా అదే పాట. చివరికి ఆర్టీసీ పెద్దలు కూడా, అంటే డబ్బు రావాల్సిన వాళ్లే, అది బాకీ కాదన్న వైపు వచ్చి నిలబడ్డారు. అప్పు ఇచ్చినవాడే కోర్టుకొచ్చి "అబ్బే, ఆయన నాకేం ఇవ్వక్కర్లేదండీ" అంటే ఎలా ఉంటుందో అలా ఉంది. నిన్నటిదాకా బాకీ, ఇవాళ కాదంటే లెక్కలు ఎలా నమ్మాలని ధర్మాసనం అధికారులను గట్టిగానే మందలించింది.

న్యాయంగా చూస్తే కమిషనర్ చెప్పిందాంట్లో అబద్ధం లేదు, కాగితం మీద ఉన్నది అంతే. తిరకాసల్లా ఆ కాగితం అలా ఎందుకుందన్నదే. 2015లో నష్టాలు బల్దియా భరిస్తుంది అని జనానికి చెప్పినప్పుడు 'మిగిలితే' అన్న మాట ఎవరూ పైకి వినిపించలేదు. కార్మికుల చెవిన పడింది 'భరిస్తుంది', చట్టంలో ఉన్నది 'మిగిలితే'. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా విలువ నాలుగేళ్లలో 1,500 కోట్లు. ఒక ఎన్నికైన సభలో ఈ తీర్మానం చర్చకు వచ్చి ఉంటే ఎవరో ఒక కార్పొరేటర్, కనీసం ప్రచారం కోసమైనా, లేచి "ఎంత? ఎప్పటిదాకా? బదులుగా మా డివిజన్‌కు ఎన్ని ట్రిప్పులు?" అని అడిగేవాడు. ఆ మూడో ప్రశ్నే అసలైనది. డబ్బిచ్చేవాడికి రూటు మీద మాట ఉండాలి. ఉప్పల్‌కు ఎన్ని బస్సులు, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి అన్నది బస్ భవన్‌లో తేలుతుంది, బిల్లు మాత్రం ట్యాంక్‌బండ్ పక్కనున్న బల్దియా ఆఫీసుకు వస్తుందంటే ఏ పార్టీ మేయరైనా ఎన్నాళ్లు కడతాడు?

ముంబై పేరు తెచ్చారు కాబట్టి అదీ చూద్దాం. బెస్ట్ 1947 నుంచి అక్కడి కార్పొరేషన్ సొంతం. నష్టాలు అక్కడా ఉన్నాయి, సొంత బస్సులు అక్కడా తరిగిపోతున్నాయి, దాన్ని స్వర్గమని నేననను. కానీ 2019లో, మన దగ్గర సమ్మెకు కొద్ది నెలల ముందే, అక్కడి కార్పొరేషన్ వందల కోట్ల గ్రాంటు ఇస్తూ, బదులుగా కనీస ఛార్జీ 5 రూపాయలకు దించాలని షరతు పెట్టింది. దించారు. 2025 మేలో మళ్లీ 10 చేశారనుకోండి, అది వేరే కథ. 2025-26 బడ్జెట్‌లోనూ బెస్ట్‌కు 1,000 కోట్లు పెట్టారు. డబ్బిచ్చి, దానికి తగ్గ పని అడిగారు. మనవాళ్లు ముంబై నుంచి బిల్లు ఒక్కటే దిగుమతి చేసుకున్నారు.

2019 సమ్మె ముగిశాక ఏం జరిగిందో తెలుసు కదా. డిసెంబర్‌లో కిలోమీటరుకు 20 పైసల చొప్పున ఛార్జీలు పెరిగాయి. ఆ వెంటనే నష్టాలు తగ్గించే పేరుతో సిటీలో వందల కొద్దీ బస్సులు తీసేశారు, ఎక్కువ నష్టం సిటీ బస్సుల మీదే కాబట్టి. బల్దియా కట్టని డబ్బును మొత్తంగా కాకపోయినా కొంతయినా కట్టింది, స్టాపులో అరగంట ఎక్కువ నిలబడ్డవాళ్లు. మరుసటి ఏడాది దీపావళికి, ఇంకో ఎన్నిక ముంగిట, 15,000 రూపాయల లోపు ఆస్తిపన్ను కట్టే ఇళ్లకు సగం మాఫీ ప్రకటించారు. నిధులు మిగలడం లేదని కోర్టులో చెప్పి అప్పటికి ఏడాదే అయింది.

తర్వాత ప్రభుత్వం మారింది. 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సులు కిక్కిరిశాయి, 2025 జులై నాటికి 200 కోట్ల జీరో టికెట్లు. వాటి డబ్బు రాష్ట్రం ఆర్టీసీకి రీయింబర్స్ చేయాలి. అంటే సిటీ బస్సు సీటులో సగానికి పైగా ఇప్పుడు సచివాలయం కడుతుంది, మిగతాది మగవాళ్లు, ఉచితం వర్తించని డీలక్స్ ఎక్కేవాళ్లు. అక్టోబర్ పెంపు పడింది ఈ రెండో వర్గం మీదే. ఎల్‌అండ్‌టీ నుంచి మెట్రోను దాదాపు 13,000 కోట్ల అప్పుతో సహా తీసుకోవడానికి ఒప్పుకున్నది కూడా రాష్ట్రమే. ఈ చిత్రంలో బల్దియా ఎక్కడా కనపడదు. 2025-26కు 8,440 కోట్ల బడ్జెట్‌ను జనవరిలో గందరగోళం మధ్య ఆమోదించుకున్నారు. అక్కడ కొట్టుకున్నది బస్సుల గురించి కాదు.

ఛార్జీల పెంపుకు చూపిన కారణం కూడా చెప్పుకోవాలి. 2027 నాటికి హైదరాబాద్‌లో 2,800 ఎలక్ట్రిక్ బస్సులు తేవాలని, కొత్త డిపోలకు, ఛార్జింగ్ స్టేషన్లకు 392 కోట్లు కావాలని ఆర్టీసీ అంటోంది. కాదనడానికి లేదు, ఛార్జింగ్ పాయింట్ లేకుండా ఆ బస్సు కదలదు. కానీ ఆ అంకె పక్కన పాత అంకె ఒకటి పెట్టి చూడండి. 392 కోట్లు, 336 కోట్లు. ఒకప్పుడు బల్దియా ఇచ్చిన డబ్బుకు కాస్త అటూ ఇటూగా అంతే మొత్తం, ఈసారి టికెట్‌కు ఐదు, పది చొప్పున ప్రయాణికుల దగ్గర వసూలవుతోంది.

2025 చివర్లో జరిగిన విలీనంతో బల్దియా ఔటర్ రింగ్ రోడ్డు దాకా, అక్కడక్కడా దాన్ని దాటి పాకింది. కలిసిన ఊళ్లలో చాలాచోట్ల ఇంటి పన్ను పెరుగుతుందన్న భయం ఒకటే మాట్లాడుకున్నారు. బస్సు వస్తుందా అని అడిగితే దానికి జవాబు చెప్పే కౌంటర్ బల్దియాలో లేదు. 2026 ఫిబ్రవరి 10తో 2021లో కొలువుదీరిన పాలకమండలి గడువు తీరిపోయింది. ఎన్నికలు ఆలోపు జరగలేదు, అంటే 2015 మేలో ఉన్నట్టే మళ్లీ ప్రత్యేకాధికారి కుర్చీ. బస్సుల నష్టాల ఫైలు ఈసారి ఆ బల్ల మీదికి వస్తే మొదట చూడాల్సింది అంకె కాదు, అందులో 'భరిస్తుంది' అని రాశారా, 'మిగిలితే' అని రాశారా అన్నది.