పాలిష్ పెట్టిన ప్రతిసారీ పెయింట్ కొంత పోతుంది: కారు మెరుపు మీద అపోహలు, వాస్తవాలు

మొన్న ఒకాయన కారు తీసుకొచ్చారు. నల్ల రంగు, ఆరేళ్ల బండి. దిగుతూనే "మెరుపు తగ్గిపోయిందండీ, ఒకసారి రబ్బింగ్ కొట్టి పాలిష్ పెట్టెయ్యండి, కొత్తదానిలా అయిపోతుంది" అన్నారు. ఇంతకు ముందు ఎప్పుడు చేయించారని అడిగాను. ప్రతి సర్వీసులోనూ చేయిస్తూనే ఉన్నారట, మధ్యలో ఓసారి మిషన్ కొని ఇంట్లో తనే చేసుకున్నారట. పెయింట్ మందం కొలిచే మీటర్ తీసి రూఫ్ మీద పెట్టాను, 121 మైక్రాన్లు. బానెట్ మధ్యలో 84. బానెట్ మీద పొడుగ్గా సాగే మడత పక్కన 72. అక్కడే వంగి చూస్తే వేలెడంత మేర నలుపు నలుపుగా లేదు, సుద్దముక్క రాసి తుడిచినట్టు తెల్లగా పాలిపోయి ఉంది. ఆ మచ్చ పోగొట్టుకోవాలనే ఆయన వచ్చారు. పాలిష్ వల్లే అది వచ్చిందని ఆయన మొహం మీద చెప్పడానికి నాకు చాలా కష్టమైంది, ఎందుకంటే ఆయన నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు, బండిని ప్రాణంగా చూసుకున్న మనిషి.

ఇలాంటి బండి నెలకు ఒకటైనా వస్తుంది. అందుకే ఈ ఒక్క విషయం విడమరిచి రాస్తున్నాను, మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: పాలిష్ అంటే పెయింట్‌కి ఏదో పూయడం, ఎన్నిసార్లు పెడితే అంత మంచిది.

తప్పు మనది కూడా కాదు, ఆ మాటే అలాంటిది. బూట్ల పాలిష్, చెక్క పాలిష్, గోళ్ల పాలిష్, అన్నీ పైన పూసేవే. కారు పాలిష్ అలా కాదు. అందులో కంటికి కనబడనంత సన్నటి రాపిడి పొడి ఉంటుంది. అది పెయింట్ పై పొరను అరగదీస్తుంది. నగకు మెరుగు పెడితే కొంత బంగారం తరిగిపోతుందని అందరికీ తెలుసు, ఇదీ అదే, కాకపోతే ఇక్కడ తరగడానికి ఉన్న సరుకు చాలా తక్కువ.

ఎంత తక్కువో చూడండి. ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ పొరలన్నీ కలిపినా చాలా బండ్లకు 100 నుంచి 150 మైక్రాన్ల మధ్యే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మనం ప్రింటర్‌లో పెట్టే కాగితం ఒక్కటే దాదాపు 100 మైక్రాన్లు. ఆ కాస్త మందంలోనే అడుగున తుప్పు ఆపే పొర, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే రంగులేని పారదర్శక పొర. ఈ క్లియర్ కోట్ మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. మీరు చూసే మెరుపంతా దానిదే, కింద రంగును ఎండ తినేయకుండా ఆపేదీ అదే. సన్న పాలిష్‌తో జాగ్రత్తగా చేస్తే ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి. కాంపౌండ్ (పాలిష్ కన్నా గరుకు పొడి ఉన్న క్రీము, రబ్బింగ్ అనేది దీంతోనే) వేసి గట్టిగా రుద్దితే మూడు, నాలుగు, ఇంకా ఎక్కువ కూడా. అంచుల దగ్గర, మడతల మీద మిషన్ ఒత్తిడంతా సన్నటి గీత మీద పడుతుంది కాబట్టి అక్కడ ఇంకా త్వరగా అరుగుతుంది, నేను చూసిన పాడైన బండ్లలో ఎక్కువ శాతం అక్కడే పోయాయి.

గీత పోయింది అంటే అది పూడిందని కాదు. గీత ఒక చిన్న కాలువ అనుకోండి, మనం చేసేది దాని రెండు ఒడ్లనూ కాలువ అడుగు దాకా దించడం. అంతా ఒకే మట్టానికి వచ్చాక కాలువ ఉండదు, కానీ ఒడ్డు కూడా ఉండదు. గీత లోతుగా ఉంటే అంత లోతుకూ దించాలనుకోకండి. గోరు అడ్డంగా నడిపి చూడండి, గోరు ఆగితే అది పాలిష్‌తో తీసే గీత కాదు, వదిలెయ్యండి లేదా టచప్ వేయించండి.

క్లియర్ కోట్ బాగా పలచబడ్డాక ఏమవుతుందంటే, ఎండను ఆపడానికి దానిలో కలిపిన మందు చాలదు, కింద రంగుతో పట్టు వదిలి, ముందు మసకబారి, తర్వాత వడలిన పొట్టులా లేస్తుంది. అప్పుడు వ్యాక్స్ పూసినా, కోటింగ్ వేసినా, ఎంత ఖరీదైన సీసా కొన్నా లాభం లేదు. గీకి మళ్లీ పెయింట్ వేయాల్సిందే. అందుకే చెబుతున్నాను, బండి జీవితం మొత్తానికి గట్టి కాంపౌండింగ్ ఒకటి, మహా అయితే రెండుసార్లు చాలు. సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ బిల్లులో ఆ లైన్ కనబడితే వద్దని చెప్పండి, మొహమాటం అక్కర్లేదు.

"మరి చేయించాక అంత బాగుంటుంది కదా, నెలకే ఎందుకు మళ్లీ గీతలు వస్తాయి?" అని ఆ నల్ల బండి ఆయన కూడా అడిగారు. రెండు కారణాలు. ఒకటి, చాలాచోట్ల గీతలు తీయరు, నూనె, ఫిల్లర్ ఉన్న క్రీము నింపి దాచేస్తారు. రెండు మూడు కడుగుళ్లకు అది పోతుంది, గీతలు మళ్లీ తేలతాయి. రెండోది అసలు కారణం, ఆ గీతలు వేస్తున్నది మనమే, రోజూ పొద్దున్నే, పొడి గుడ్డతో.

నాన్న తన మొదటి కారును పొద్దున్నే మెత్తటి పాత బనీను గుడ్డతో తుడిచేవారు. ఒక్కరోజు మానలేదు. రూఫ్ నుంచి మొదలుపెట్టి గుండ్రంగా, ఓపిగ్గా, నీళ్ల చుక్క లేకుండా. పక్కనే నిలబడి నేనూ ఓ గుడ్డ పట్టుకునేవాణ్ణి. రెండేళ్లకు ఆ కారు ఎండలో నిలబెడితే డ్రైవర్ వైపు డోర్ మీద సాలెగూడు కట్టినట్టు కనబడేది. కంపెనీ పెయింటే నాసిరకం అని ఇంట్లో అందరం అనుకున్నాం. ఈ పనిలోకి వచ్చాక గానీ నాకు తెలియలేదు, గుడ్డ మెత్తగా ఉండటం ముఖ్యం కాదు, గుడ్డకూ పెయింట్‌కూ మధ్య ఏముందన్నది ముఖ్యం. దుమ్ములో ఇసక ఉంటుంది, అది చాలావరకు క్వార్ట్జ్, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలులో 7, మామూలు చాకు ఉక్కు కన్నా గట్టిది. దాన్ని మెత్తటి గుడ్డ కింద పెట్టి పెయింట్ అంతా తిప్పుతున్నామన్నమాట.

ఆ సాలెగూడు గురించి ఇంకో మాట. గుండ్రంగా తుడవడం వల్లే గుండ్రటి గీతలు వస్తాయని అందరూ అంటారు. నిజానికి అవి అన్ని దిక్కులా పడ్డ సన్నటి గీతలు. సూర్యుడి వెలుగుకు అడ్డంగా ఉన్నవే మన కంటికి మెరుస్తాయి, అందుకే వెలుగు చుట్టూ వలయాలు కట్టినట్టు అనిపిస్తుంది. టార్చి పట్టుకుని పక్కకు జరిపి చూడండి, వలయం కూడా వెలుగుతో పాటే జరుగుతుంది. నీడలో కనబడకపోవడమూ ఇందుకే.

కాబట్టి దుమ్ము పట్టిన బండిని పొడి గుడ్డతో ముట్టుకోవద్దు. రోజూ మెరవకపోయినా ఫర్వాలేదు, దుమ్ము ఊరికే కూర్చుంటే గీతలు పడవు, దాన్ని రుద్దినప్పుడే పడతాయి. వారానికో రెండు వారాలకో ఒకసారి సరిగ్గా కడిగితే చాలు. సరిగ్గా అంటే, బండిని నీడలో పెట్టి, బానెట్ చల్లారాక, ముందు ఏమీ తాకించకుండా ఉత్త నీళ్లతోనే పైనుంచి కిందికి బాగా కొట్టి వదులుగా ఉన్న దుమ్మంతా దింపేయాలి. వీలుంటే షాంపూ నురగ చల్లి రెండు మూడు నిమిషాలు నాననివ్వాలి, ఎండిపోనివ్వకూడదు. తర్వాత రెండు బకెట్లు. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో మంచి నీళ్లు. మైక్రోఫైబర్ గ్లవ్ షాంపూలో ముంచి ఒక డోరు తుడవగానే మంచినీళ్ల బకెట్‌లో జాడించి, పిండి, మళ్లీ షాంపూలో ముంచాలి. మొదట్లో ఇదంతా అతి అనిపిస్తుంది, కానీ పని అయ్యాక ఆ మంచినీళ్ల బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూడండి, గరగరలాడే ఇసక వేళ్లకు తగులుతుంది. ఒకే బకెట్ వాడి ఉంటే అదంతా మళ్లీ పెయింట్ మీదికే వెళ్లేది.

రూఫ్, అద్దాలు, బానెట్ ముందు, డోర్ల కింది భాగం, బంపర్లు చివర. చక్రాలకు వేరే గుడ్డ, దాన్ని ఎప్పటికీ బాడీ మీదికి తేవద్దు. ఒత్తి రుద్దకండి, గ్లవ్ బరువే చాలు. కడిగాక దానంతట అదే ఆరనివ్వకండి, నీళ్లలోని సున్నం తెల్లటి చుక్కలై మిగిలిపోతుంది, ఎండలో అయితే అవి పట్టేస్తాయి. మందపాటి మైక్రోఫైబర్ టవల్ పరిచి, మెల్లగా లాగితే నీళ్లు అదే పీల్చుకుంటుంది. గుడ్డ నేల మీద పడిందా, ఇక ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టండి, దులిపి వాడేద్దాం అనుకోకండి. మైక్రోఫైబర్లను కాటన్ బట్టలతో కలిపి ఉతకొద్దు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు, నూగు మూసుకుపోయి పీల్చే గుణం పోతుంది.

మెరుపు కావాలంటే? చాలామందికి కావలసింది పాలిష్ కాదు, వ్యాక్స్ లేదా సీలెంట్ (వ్యాక్స్ లాంటిదే, కృత్రిమంగా చేసిన పూత). ఇవి నిజంగానే పూసేవి. పెయింట్‌లోంచి ఏమీ తీయవు. చేత్తో పల్చగా రాసి తుడిచేస్తే వ్యాక్స్ కొన్ని వారాల నుంచి ఒకట్రెండు నెలలు, సీలెంట్ ఇంకొన్ని నెలలు ఉంటుంది. బండి శుభ్రంగా కడిగాక కూడా పెయింట్ గరుగ్గా ఉందేమో చూడటానికి పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి పెట్టి నెమ్మదిగా రాయండి, ఇసక కాగితంలా తగిలితే క్లే బార్ (పెయింట్‌కి అతుక్కున్న గరుకును లాగేసే మెత్తటి మట్టి ముద్ద) వాడాలి, అది కూడా జారడానికి లూబ్రికెంట్ బాగా చల్లి మాత్రమే. కింద పడిన క్లే ముక్క పారేయాల్సిందే.

ఇక మిగతావి.

సిరామిక్ కోటింగ్ వేస్తే గీతలు పడవు, 9హెచ్ గట్టిదనం కదా అంటారు. ఆ 9హెచ్ పెన్సిళ్ల స్కేలు. గట్టి పెన్సిల్‌తో ఒత్తి గీస్తే గీత పడుతుందా లేదా అని చూసే పరీక్ష అది. మోస్ స్కేలులో వజ్రం 10కి పక్కనుండే 9 కాదు. ఇసక దానికీ గీత పెడుతుంది. కోటింగ్ మంచిదే, నేనూ వేస్తాను, నీళ్లు నిలవవు, మురికి త్వరగా వదులుతుంది, రసాయనాలను కొంత ఆపుతుంది. కానీ పొర మందం మామూలుగా ఒకటి రెండు మైక్రాన్లే. రాళ్లు తగలకుండా ఆపేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్), అది 150 నుంచి 200 మైక్రాన్ల ప్లాస్టిక్ పొర. రెండూ ఒకటే అని చెప్పి అమ్మేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగితే పెయింట్ పాడవుతుందా? ఒక్కసారికి పెయింట్‌కి ఏమీ కాదు, మీరు పూసిన వ్యాక్స్ మాత్రం కొంత పోవచ్చు. రోజువారీకి కారు షాంపూ వాడండి, అంతే.

టూత్‌పేస్ట్‌తో గీతలు పోతాయంటే, అది కూడా రాపిడి పొడే, ఎంత గరుకో మీకు తెలియదు, మసక మచ్చ మిగులుతుంది. డీజిల్, కిరోసిన్ గుడ్డతో తుడిస్తే వచ్చే మెరుపు జిడ్డు మెరుపు, సాయంత్రానికి దుమ్మంతా దానికి అంటుకుంటుంది. తెల్ల బండికి వ్యాక్స్ అక్కర్లేదన్నది తప్పు, తెలుపు మీద గీతలు కనబడవంతే, ఎండ అన్ని రంగులకూ ఒకటే. వానలో తడిస్తే కడిగినట్టే అన్నదీ తప్పు. దుమ్ము పట్టిన బండికి కవర్ కప్పితే గాలికి ఆ కవరే గీతలు వేస్తుంది. కొత్త బండికి నెలల తరబడి వ్యాక్స్ వేయకూడదన్నది ఫ్యాక్టరీ పెయింట్ విషయంలో నిజం కాదు, అది వేడి పొయ్యిల్లో గట్టిపడి వస్తుంది. బాడీ షాపులో కొత్తగా వేసిన పెయింట్‌కి మాత్రం కొన్ని వారాలు ఆగాలి, ఎన్ని వారాలో పెయింట్ వేసినవాళ్లనే అడగండి.

పక్షి రెట్ట గురించి రాత్రి పదకొండింటికి కూడా ఫోన్ చేస్తారు, గొంతులో టెన్షన్ తెలుస్తుంది, కొత్త బండి, మొదటి వారం. కంగారు పడకండి, కానీ రేపటికి వాయిదా వేయకండి కూడా. దానిలో ఆమ్లం ఉంటుంది, ఎండలో వేడెక్కిన పెయింట్ మీద కొన్ని గంటల్లోనే గుర్తు పడగలదు. గోటితో గీకొద్దు, పొడిగా తుడవొద్దు. మైక్రోఫైబర్ గుడ్డ నీళ్లలో తడిపి దాని మీద పరచి ఐదు నిమిషాలు వదిలేయండి. నానాక పైకి ఎత్తినట్టుగా తీసేయండి, మిగిలితే ఇంకోసారి తడి గుడ్డ పరచండి. కింద మసక గుర్తు మిగిలితే ఆ ఒక్కచోట చేత్తో సన్న పాలిష్ చాలు, బానెట్ అంతా రబ్బింగ్ కొట్టాలని ఎవరైనా చెబితే బండి తాళం తీసుకుని వచ్చేయండి.

ఆ నల్ల బండికి నేను పాలిష్ పెట్టలేదు. కడిగి, క్లే చేసి, సీలెంట్ పూసి ఇచ్చాను. బానెట్ ఒక్కటి రీపెయింట్ చేయించుకోమని, డోర్లు, రూఫ్ ఇంకా బాగున్నాయి కాబట్టి వాటి జోలికి వెళ్లొద్దని చెప్పాను. వెళ్లేముందు ఆయన డిక్కీ తెరిచి, పొడి దుమ్ము తుడిచే బ్రష్ తీసి, దీన్నేం చేయాలని అడిగారు. లోపల డాష్‌బోర్డుకు వాడుకోండి, బయట మాత్రం వద్దు అన్నాను.