షికాగో విమానం ఉత్తరానికి పోతుందేంటి?

మొన్న వేసవిలో అమ్మ షికాగోలో ఉన్న చెల్లెలి దగ్గరికి బయల్దేరింది. తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో ఎక్కి, దుబాయ్‌లో విమానం మారింది. దిల్‌సుఖ్‌నగర్‌ ఇంట్లో నాన్న ఫోన్‌లో ఆ విమానం గుర్తునే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి టెన్షన్ మొదలైంది. "అమెరికా పడమర కదరా! వీడేంటి, ఉత్తరానికి పోతున్నాడు?"

పిల్లల గ్లోబు తెచ్చాను. దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస షికాగో మీద నొక్కిపట్టి బిగించాను. దారం అరేబియా సముద్రం వైపు పోనే లేదు. కశ్మీర్, కజకిస్తాన్, రష్యా దాటి, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్, కెనడా మీదుగా దిగింది. దగ్గరి దారి అదే, దాదాపు 13,300 కిలోమీటర్లు. గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంటే పోతే 16,100 అవుతుంది.

తప్పు మ్యాపుదే. బత్తాయి తొక్కను చిరగకుండా బల్లమీద పరిచి చూడండి, కుదరదు. గోళాన్ని సాగదీయకుండా చదును చేయలేమని జర్మన్ గణితవేత్త గౌస్ 1827లోనే లెక్కగట్టి నిరూపించాడు. మ్యాపులు గీసే మెర్కేటర్ 1569లో నావికుల కోసం వేసిన మ్యాపులో దిక్సూచి ముల్లు ఒకే కోణంలో ఉంచి పోయే దారి సూటి గీతగా వస్తుంది. ఓడలకు అది వరం. కానీ ధ్రువాల వైపు పోయేకొద్దీ అంతా సాగిపోతుంది, దగ్గరి దారేమో వంకరగా కనిపిస్తుంది. మన ఫోన్లలో మ్యాపులు ఎక్కువగా దాని వారసులే.

ఇంకో తమాషా. దుబాయ్‌లో దిగి మారినా మొత్తం దూరం 14,200 కిలోమీటర్లే. అంటే చుట్టుతిరుగుడు 900 కిలోమీటర్లు, గంట ప్రయాణం. మన ఓపిక తినేసేది ఎయిర్‌పోర్టులో ఎదురుచూపే.

దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే సమయం వచ్చేస్తుందనుకోవద్దు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది, ఒక్కోసారి 300 కిలోమీటర్ల వేగాన్నీ దాటుతుంది. అందుకే హైదరాబాద్ నుంచి 7,750 కిలోమీటర్ల లండన్‌కు పోయేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువసేపు పడుతుంది. గాలికి తోడు రాజకీయాలు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసేసింది. గ్లోబు మీద దారం ఎంత బిగించినా, ఆ దారిన మన విమానం పోలేకపోయింది.

రాత్రి పావు తక్కువ రెండుకు చెల్లెలు ఫోన్ చేసింది, అమ్మ దిగిందని. అక్కడ మధ్యాహ్నం మూడుంపావు, బయల్దేరిన తేదీయే. నాన్న కేలండర్ వైపు చూసి, "అయితే మీ అమ్మ నిన్నట్లో దిగిందన్నమాట" అని పడుకోవడానికి లేచారు.