సర్వర్ చెప్పే ‘సైజ్ ఆన్ డిస్క్’ వెనక ఉన్న కథ

కోటా నిండిందని నెట్‌వర్క్ స్టోరేజీ మొరాయించిన ప్రతిసారీ ఈ తగాదా మళ్లీ మొదలవుతుంది. వాడేవాళ్లు ఫైళ్ల సైజులన్నీ కూడి చూపిస్తారు. అడ్మిన్లు తమ తెర మీది అంకె చూపిస్తారు. రెండింటికీ పొంతన ఉండదు.

అడ్మిన్ల జవాబు పాతదే: డిస్కు చోటును బ్లాకుల (ఒకే కొలత గడుల) లెక్కన ఇస్తుంది, చిన్న ఫైలైనా పూర్తి బ్లాకు తింటుంది. అబద్ధమేమీ కాదు. యూనిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్ 4.2 బీఎస్‌డీలో ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే ఏర్పాటు) రూపకర్తలు 1984లోనే తమ ఫైళ్ల మీద ఈ లెక్క వేశారు. 4096 బైట్ల బ్లాకుల్లో పెడితే అసలు డేటా మీద ఇంకో 45.6 శాతం చోటు పోతుందని తేలింది. అందుకే బ్లాకును ముక్కలుగా వాడే ఏర్పాటు తెచ్చారు. కానీ అది సొంత డిస్కు మాట. ఫైలు ఎక్కడో సర్వర్ మీద ఉన్నప్పుడు మన కంప్యూటర్ బ్లాకులను లెక్కపెట్టదు, సర్వర్ ఏ అంకె పంపితే అదే నమ్ముతుంది.

ఆ నమ్మకం ఎంతదాకా పోయిందో సాంబా (లినక్స్, యూనిక్స్ సర్వర్ల మీది ఫైళ్లను విండోస్‌కు అందించే సాఫ్ట్‌వేర్) చూపించింది. ఫైలు వివరాలు అడిగిన విండోస్‌కు ఎస్ఎంబీ అనే ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్‌లో రెండు అంకెలు వెళ్తాయి: ఫైలు ఎక్కడ ముగుస్తుందన్నది ఒకటి, దానికి ఎంత చోటు కేటాయించారన్నది రెండోది. విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే ‘సైజ్’, ‘సైజ్ ఆన్ డిస్క్’ అని కనిపించేవి ఇవే. సాంబా చాలా ఏళ్ల పాటు ఈ రెండో అంకెను డీఫాల్ట్‌గా 10,48,576 బైట్లకు, అంటే ఒక ఎంబీకి, పైకి సరిచేసి పంపేది. 3 కేబీ ఫైలు ఒక ఎంబీ ఆక్రమించినట్టు కనిపించేది. అలాంటివి వెయ్యి ఉంటే సుమారు ఒక జీబీ! డిస్కులో మాత్రం సాధారణంగా అంత చోటు పోయేది కాదు.

ఎందుకిలా? విండోస్ క్లయింట్ల వేగం పెరుగుతుందని సాంబా మాన్యువలే చెప్పింది. దీనివల్ల విజువల్ స్టూడియో కంపైలర్ (ప్రోగ్రాములు తయారుచేసే సాధనం) లాంటివి కూలిపోవచ్చనీ, అప్పుడు ఆ విలువను సున్నా చేసుకోమనీ కూడా అక్కడే రాసింది. తర్వాత డీఫాల్ట్‌నే సున్నా చేసి, ఎస్ఎంబీ పాత రూపమైన ఎస్ఎంబీ1 వాడే క్లయింట్లకు తప్ప దీంతో పని లేదన్నారు. ‘మా స్క్రీన్ అబద్ధం చెబుతోంది’ అన్నవాళ్లకు అన్నాళ్లూ వినిపించింది బ్లాకుల పాఠమే.

యూనిక్స్ లోకంలో ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్ ఎన్ఎఫ్ఎస్ వైపు కాస్త నిజాయితీ ఉంది. దాని మూడో వెర్షన్‌ను వివరించే 1995 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1813 ఫైలు సైజునూ వాడిన చోటునూ పక్కపక్కన పెట్టి, ఫైలులో ఖాళీలుంటే రెండోది తక్కువ కావచ్చనీ, ముక్కలు కావడం వల్ల ఎక్కువా కావచ్చనీ ముందే చెప్పింది. ఆ తర్వాత వచ్చిన జెడ్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఆ ‘వాడిన చోటు’ అంకెలో కంప్రెస్ చేశాక మిగిలిన సైజు పెడతాయి. ఫైలు రాసిన మరుక్షణం అడిగితే, బ్లాకులు ఇంకా కేటాయించలేదు కనుక దాదాపు సున్నా చెబుతాయి. డీడూప్లికేషన్‌లో (ఒకే డేటాను ఒక్కసారే దాచే పద్ధతిలో) రెండు ఫైళ్లు ఒకే బ్లాకులను పంచుకున్నా, దేనికది పూర్తి చోటు తనదే అంటుంది.

ఇప్పటి తగాదాల్లో ఎక్కువ చిరాకు పుట్టించేవి స్నాప్‌షాట్లు, అంటే ఒక క్షణాన ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే నిలిపి ఉంచే ప్రతులు. ఫైళ్లు తీసేసినా కోటా తగ్గదు, ఎందుకంటే ఆ బ్లాకులు స్నాప్‌షాట్ చేతిలో ఉంటాయి. జెడ్ఎఫ్ఎస్‌లో దీనికి రెండు పద్ధతులున్నాయి: ‘కోటా’ పెడితే స్నాప్‌షాట్లూ లెక్కలోకి వస్తాయి, ‘రెఫ్‌కోటా’ పెడితే రావు. ఏది పెట్టాలో నిర్ణయించేది అడ్మిన్. ఏది పెట్టారో వాడేవాళ్ల ప్రాపర్టీస్‌లో ఎక్కడా రాసి ఉండదు.